బజారు, మిల్లు, చెక్‌పోస్టు: ఫ్లూ దారిలో మూడు ఊళ్ల విశేషాలు

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ రహదారి మీది ఊళ్లు. మిర్యాలగూడ బీబీనగర్ నుంచి గుంటూరు వైపు పోయే రైలు మార్గం మీద ఉంది. సూర్యాపేటకు మార్కెట్లు, కోదాడకు ఆంధ్ర సరిహద్దు, మిర్యాలగూడకు రైసు మిల్లులు పేరు తెచ్చాయి. లారీ డ్రైవర్లు, హమాలీలు, బస్సు మారే ప్రయాణికులు, దవాఖానకు వచ్చే చుట్టుపక్కల పల్లెల జనం రోజంతా ఈ మూడు చోట్లా కలుస్తూనే ఉంటారు. దగ్గుతో, తుమ్ముతో పాకే జబ్బుకు కావలసింది ఈ రద్దీయే. ఫ్లూ మహమ్మారి మళ్లీ వస్తే దాన్ని ముందుగా పట్టుకోవలసింది కూడా ఇక్కడి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లే. హైదరాబాద్ పెద్దాసుపత్రుల దాకా పోయేసరికి సగం ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ విశేషాలు వాళ్ల పని చుట్టూ తిరుగుతాయి.

దేశంలో తొలి కేసు శంషాబాద్‌లో

2009లో ప్రపంచాన్ని చుట్టేసిన స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చి శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన 23 ఏళ్ల యువకుడిలో మే నెలలో ఆ వైరస్ ఉన్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది జూన్ 11న. అంటే ఆ ప్రకటనకు దాదాపు నెల ముందే జబ్బు మన గడప తొక్కింది. అప్పట్లో అనుమానం ఉన్నవాళ్లను ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తీసుకుపోయేవారు, నమూనాలు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో పరీక్షించేవారు. జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ రెండు పేర్లూ వినడమే ఒక భయం.

అప్పటి టీకా సంగతి

ఆ మహమ్మారికి దేశీయ టీకా వచ్చిందెప్పుడో తెలుసా? 2010 జూన్‌లో జైడస్ క్యాడిలా వారిది, జూలైలో సీరం ఇన్‌స్టిట్యూట్ వారి ముక్కులో చల్లే టీకా. మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ టీకా అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని చెప్పింది 2010 ఆగస్టు 10న. మందు చేతికి అందేసరికి జబ్బు చాలామందిని దాటిపోయింది. కొత్త ఫ్లూ పుట్టాక టీకా తయారయ్యే దాకా గడిచే ఆ నెలల్లో మనల్ని కాపాడేవి మాస్కు, సబ్బు, దూరం, ముందుగా పసిగట్టడం, వెంటనే అందే మందు. జిల్లా ఆరోగ్య శాఖ సన్నద్ధత అంటే ప్రధానంగా ఆ నెలలను ఎలా గడపాలన్న లెక్కే.

జనాభా తగ్గిన ఒకే ఒక్క దశాబ్దం

భారతదేశ జనగణన చరిత్రలో జనాభా పెరగకుండా తగ్గినట్టు తేలింది ఒక్కసారే, 1921లో. అందుకు పెద్ద కారణం 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. బొంబాయి రేవులో దిగిన ఆ జ్వరం రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. దేశం మొత్తం మీద కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయి ఉంటారని పరిశోధకుల అంచనాలు. సూర్యాపేట, మిర్యాలగూడ అప్పుడు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా తాలూకాలు. ఆ రాజ్యం మొత్తం జనాభా 1911లో కోటీ 33 లక్షలు, 1921లో కోటీ 24 లక్షలు. కరువూ ప్లేగూ కూడా ఆ పదేళ్లలోనే ఉన్నాయి కాబట్టి తరుగంతా ఫ్లూ ఖాతాలో వేయలేం. అయినా పదేళ్లలో తొమ్మిది లక్షల మంది తగ్గిపోయిన రాజ్యంలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆనాటి ఫ్లూ ముసలివాళ్లనూ పసివాళ్లనూ మాత్రమే తీసుకుపోలేదు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, కాయకష్టం చేసే వయసువాళ్లను ఎక్కువగా బలి తీసుకుంది. 2009లో కూడా వయసులో ఉన్నవాళ్లకే ఎక్కువ సోకింది. ముసలివాళ్లలో చాలామందికి చిన్నప్పుడే దాని పాత బంధువుతో పరిచయం ఉండటం కొంత కాపాడింది. కాబట్టి “ఉక్కులాంటి మనిషిని, నాకేమవుతుంది” అన్న ధీమా ఫ్లూ మహమ్మారి దగ్గర పనిచేయదు.

1957లో ఓడ దిగిన జ్వరం

ఆసియా ఫ్లూ మన దేశంలోకి 1957 మే నెలలో మద్రాసు రేవు నుంచి వచ్చింది. సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో జ్వరంతో ఉన్న ప్రయాణికులు దిగారు. మరుసటి ఫిబ్రవరి దాకా దేశంలో 44 లక్షలకు పైగా కేసులు, సుమారు 1,100 మరణాలు నమోదయ్యాయి. అప్పుడు ఓడరేవు, 2009లో విమానాశ్రయం. ఊళ్లోకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ బస్సులోనో రైల్లోనో వస్తుంది.

సూర్యాపేట కూరగాయల మార్కెట్ నేర్పిన పాఠం

2020 ఏప్రిల్ నాటి సంగతి ఈ ఊరివాళ్లెవరూ మరిచిపోరు. కోవిడ్ కూరగాయల మార్కెట్ పరిసరాల్లో అంటుకుని, అక్కడినుంచి కుటుంబాలకు కుటుంబాలకే సోకింది. ఏప్రిల్ 21న రాష్ట్రంలో వచ్చిన 56 కేసుల్లో 26 సూర్యాపేట జిల్లావే. ఆ రోజు హైదరాబాద్ నగరం కూడా దీని తర్వాతే. మొత్తం కేసులు ఎనభై దాటాయి. మరునాడు రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, డీజీపీ, వైద్యారోగ్య శాఖ ఉన్నతాధికారులు హెలికాప్టర్‌లో వచ్చి మార్కెట్ వీధులను చూసి వెళ్లారు. ఆ నెలాఖరున కేంద్రం ప్రకటించిన జాబితాలో తెలంగాణ నుంచి ఆరు జిల్లాలు రెడ్ జోన్‌లో ఉంటే, వాటిలో సూర్యాపేట ఒకటి. హైదరాబాద్, దాని చుట్టుపక్కల జిల్లాలు, వరంగల్ అర్బన్ తప్ప ఆ జాబితాకెక్కిన ఊరు ఇదే.

సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది 2019లో, 150 సీట్లతో. అంటే తొలి బ్యాచ్ పిల్లలు ఇంకా మొదటి సంవత్సరంలో ఉండగానే ఊరు రెడ్ జోన్ అయింది. నమూనాలు హైదరాబాద్ ప్రయోగశాలలకు పోవలసిందే, ఫలితం కోసం ఎదురు చూడవలసిందే. ఈ లోపల ఆరోగ్య సిబ్బంది చేసిన పని అంతా కాగితం మీద, కాళ్ల మీద. ఎవరెవరు ఎవరి దుకాణానికి వెళ్లారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు అని ఒక్కో గడపా తొక్కి రాసుకున్నారు. వీధులు కట్టేసి పాలు, కూరగాయలు గుమ్మం దగ్గరికి చేర్చారు. వైరస్ కొత్తదే కావచ్చు, దాన్ని పట్టుకున్న పద్ధతి మాత్రం మశూచి నాటి నుంచి ఉన్నదే.

నా మటుకు నాకు ఇక్కడ పట్టుకోవలసిన విషయం మార్కెట్. ఏడాది తర్వాత, 2021 మే చివర, తెలంగాణ ప్రభుత్వం ఎక్కువమందికి జబ్బు అంటించే అవకాశం ఉన్నవాళ్లు అంటూ ఒక జాబితా తయారుచేసి ముందుగా టీకాలు వేయించింది. గ్యాస్ సిలిండర్లు తెచ్చేవాళ్లు, రేషన్ డీలర్లు, పెట్రోల్ బంకు పనివాళ్లు, ఎరువుల దుకాణాలవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు అందులో ఉన్నారు. రేపు ఫ్లూ మహమ్మారికి టీకా వస్తే మొదటి వంద డోసులు ఎవరికివ్వాలో చెప్పే జాబితా అది. దాన్ని ఇప్పుడే, పేర్లతో సహా, ప్రతి మున్సిపాలిటీ తయారుగా పెట్టుకోవాలి.

రామాపురం క్రాస్ రోడ్డు

కోదాడ దాటాక వచ్చే రామాపురం క్రాస్ రోడ్డు మామూలు రోజుల్లో లారీలు ఆగే చోటు. అంటువ్యాధి రోజుల్లో అది రెండు రాష్ట్రాల మధ్య తలుపు. 2020 మార్చి చివరి వారం, లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, హైదరాబాద్ హాస్టళ్లు మూసేయడంతో వేల మంది విద్యార్థులు, ఉద్యోగులు ఊళ్లకు బయలుదేరారు. అవతల జగ్గయ్యపేట వైపు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాళ్లను ఆపేశారు. చేతిలో పోలీసుల అనుమతి పత్రం ఉన్నా పోనివ్వలేదు. పసిపిల్లలతో రాత్రంతా రోడ్డు మీదే ఉన్నవాళ్లున్నారు.

2021 మేలో వరస మారింది. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు పోతున్న కోవిడ్ రోగుల అంబులెన్సులను ముందస్తు అనుమతి లేదంటూ రామాపురం దగ్గర ఇటువైపు ఆపారు. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఆంక్షలను నిలిపివేసింది. ఊపిరి అందని మనిషికి సరిహద్దు లేదని ఆ రోజు న్యాయస్థానం గుర్తు చేయవలసి వచ్చింది.

ఈ రెండు సంఘటనలూ ఒకే లోటు చూపిస్తున్నాయి. వైరస్ వస్తే ఏం చేయాలో రెండు రాష్ట్రాలూ విడివిడిగా రాసుకున్నాయి, రెండూ కలిసి ఒక కాగితం రాసుకోలేదు. కోదాడ, జగ్గయ్యపేట వైద్యాధికారులు మామూలు రోజుల్లోనే ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర పెట్టుకుని, నెలకొకసారి జ్వరాల లెక్కలు చెప్పుకుంటే పైసా ఖర్చు లేదు.

అదే తలుపు దగ్గర కోళ్లు

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను వెనక్కి పంపింది. రామాపురం క్రాస్ రోడ్డు వాటిలో ఒకటి. ఈసారి ఆపింది మనుషులను కాదు కాబట్టి వార్త చిన్నదైంది, విషయం మాత్రం పెద్దది. అదే ఏడాది మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరసే కారణమని పరీక్షల్లో తేలింది. నరసరావుపేట అంటే మిర్యాలగూడవాళ్లకు కృష్ణ దాటితే వచ్చే పొరుగు సీమ.

బాగా ఉడికిన కోడి మాంసం, గుడ్డు తింటే ఈ జబ్బు రాదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చచ్చిపోతుంది. పచ్చి మాంసం ముక్క పిల్లల నోట పెట్టకూడదు. కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోతుంటే వాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, కాలువలో పారేయకూడదు, పశువైద్యుడికి చెప్పాలి. పశువైద్య శాఖా ప్రజారోగ్య శాఖా ఒకే మాట మీద ఉండవలసిన జబ్బుల్లో ఇది మొదటిది.

ఎదురు వచ్చిన రైలు

లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుంచే బయలుదేరింది, జార్ఖండ్‌లోని హటియాకు. ఆ తర్వాత వారానికే అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కార్మికులతో ఒక రైలు వచ్చింది. దేశమంతా కూలీలు ఇళ్లకు పోతున్న రోజుల్లో వీళ్లు పనికి వచ్చారు, రైసు మిల్లుల్లో పనికి. యాసంగి ధాన్యం కళ్లాల్లో ఉంది, మిల్లుల్లో మూటలు దించే చేతులు లేవు. రైలు దిగినవాళ్లకు జ్వరం చూసి, మాస్కులు ఇచ్చి, బస్సుల్లో మిల్లులున్న జిల్లాలకు పంపారు.

మిర్యాలగూడలాంటి ఊరికి ఇది ముఖ్యం. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆవిరి, ఊక దుమ్ము మధ్య పనిచేసేవాళ్లు, ఒకే షెడ్డులో పడుకునేవాళ్లు వీళ్లు. చాలామందికి ఇక్కడ రేషన్ కార్డు లేదు, ఏ సబ్ సెంటర్ రిజిస్టరులోనూ పేరు లేదు. టీకాల రోజు వచ్చినప్పుడు ఓటరు జాబితా పట్టుకుని బయలుదేరితే వీళ్లు కనబడరు. మిల్లు మిల్లుకీ వెళ్లి, వాళ్ల భాషలో చెప్పి, పని షిఫ్టు చూసుకుని వేయాలి.

మంచుపెట్టె మీద నిలబడ్డ పథకం

చాలా టీకాలు ఏ ఫ్యాక్టరీలో పుట్టినా పిల్లవాడి చేతికి చేరేదాకా 2 నుంచి 8 డిగ్రీల చలువలోనే ఉండాలి. ఫ్లూ టీకాకూ ఇదే నియమం. ఎండకు చెడిపోతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా చెడిపోతుందని తెలిసినవాళ్లు తక్కువ. గడ్డకట్టిన ఫ్లూ టీకాను కరిగించి వాడకూడదు, పారేయాల్సిందే.

ఆరోగ్య కేంద్రాల్లో ఉండే ఐఎల్ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్) మామూలు ఫ్రిజ్ కాదు. దాని గోడల వెంట మంచు పొర ఉంటుంది, అందువల్ల కరెంటు పోయినా గంటల తరబడి చలువ నిలుస్తుంది. తలుపు పైనుంటుంది. చల్లగాలి బరువుగా ఉండి కిందికి దిగుతుంది కాబట్టి తెరిచినా బయటికి పోదు. ఏఎన్ఎం భుజాన వేసుకునే నీలం డబ్బాలో నాలుగు ఐస్ ప్యాకులు పెడతారు. వాటిని ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పెట్టరు. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఆడిస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా బయట ఉంచి అప్పుడు పెడతారు. లేకపోతే టీకా గడ్డకడుతుంది. ఎర్రటి ఎండలో ఆ డబ్బా మోసుకుని తండాలకు పోయే ఏఎన్ఎమ్మకు ఆ చిన్న చప్పుడు తెలిసి ఉండటం వల్లనే మన పిల్లలకు పనిచేసే మందు అందుతోంది.

మామూలు టీకాల సీసాల మీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్య తెల్లని చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురు రంగుకు మారుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుతో కలిసిపోయిందంటే ఆ మందు వాడకూడదు. టీకా వేయించుకునేటప్పుడు ఆ గుర్తు చూపించమని అడగవచ్చు, సిస్టర్ సంతోషంగా చూపిస్తుంది.

పది డోసుల సీసా

2021 మార్చి మధ్యలో రాష్ట్రాల వారీగా కోవిడ్ టీకా వృథా లెక్కలు బయటికొచ్చాయి. తెలంగాణలో 17.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 11.6 శాతం. దేశంలో ఎక్కువ వృథా అయిన రాష్ట్రాల్లో రెండూ మనవే. సీసాకు పది డోసులు, కొన్నింటికి ఇరవై. మూత తీశాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. ముగ్గురే వస్తే మిగిలింది పారేయాల్సి వస్తుంది. తర్వాతి నెలల్లో సిబ్బంది పదిమందీ కూడాకే సీసా తెరవడం, అవసరమైతే ఫోన్లు చేసి పిలిపించడం అలవాటు చేసుకున్నారు. ఊళ్లో టీకా అని చాటింపు వేసినప్పుడు మనం వేళకు వెళ్లడం కూడా వాళ్లకు చేసే సాయమే.

బుధవారం, శనివారం

తెలంగాణ పల్లెల్లో టీకాల రోజులు ఇవి. ఏళ్ల తరబడి ఈ రెండు వారాలూ తప్పకపోవడం వల్లనే 2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు ఎవరు ఏ పని చేయాలో కొత్తగా నేర్పవలసిన అవసరం లేకపోయింది. దేశం 2021 అక్టోబరు 21న వంద కోట్ల డోసులు, 2022 జూలై 17న రెండు వందల కోట్లు దాటింది.

2021 మేలో రెండో అల ముదిరినప్పుడు తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే చేశారు. ఆశా, ఏఎన్ఎం గుమ్మం ముందు నిలబడి జ్వరమా, దగ్గా, ఎన్నాళ్లయింది అని అడిగి, లక్షణాలున్నవాళ్లకు పరీక్ష కోసం ఆగకుండా మందుల కిట్ చేతిలో పెట్టారు. 2022 జనవరిలో మళ్లీ చేశారు. ఆసుపత్రిలో పడక కోసం పరుగులు తీస్తున్న రోజుల్లో ఇంటికి వచ్చిన మందు ఎందరికో ధైర్యం. ఫ్లూ మహమ్మారికి సరిగ్గా ఇలాంటి పద్ధతే కావాలి. ఎందుకంటే ఫ్లూ మందు పనిచేసేది తొలి రోజుల్లోనే.

అనాసపువ్వులోంచి మందు

ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ తయారీకి మూలపదార్థమైన షికిమిక్ ఆమ్లాన్ని మొదట మన బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచే తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవులతోనూ తయారుచేస్తున్నారు. ఆ మందును తయారుచేసి మన దేశంలో, ఇతర వర్ధమాన దేశాల్లో అమ్మే అనుమతి 2005లో రోష్ కంపెనీ నుంచి పొందింది హైదరాబాద్‌కు చెందిన హెటెరో. అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ తగ్గుతుందని మాత్రం అనుకోకండి. ఆ పువ్వులోని పదార్థం ఎన్నో రసాయన దశలు దాటాకే మందవుతుంది. జ్వరం మొదలైన 48 గంటల లోపు వేసుకుంటే దీని గుణం బాగా కనిపిస్తుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు.

ఏ, బీ, సీ

స్వైన్ ఫ్లూ రోగులను మన ప్రభుత్వ మార్గదర్శకాలు మూడు వర్గాలు చేశాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉన్నవాళ్లు ఏ వర్గం: పరీక్షా వద్దు, ఒసెల్టామివిరూ వద్దు, ఇంట్లో విశ్రాంతి. జ్వరం తీవ్రంగా ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లు, షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు బీ వర్గం: పరీక్ష కోసం ఆగకుండా డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, గోళ్లు నీలం పడటం, పిల్లలు పాలు తాగకపోవడం ఉంటే సీ వర్గం: వెంటనే దవాఖాన. ఈ మూడు ముక్కలు తెలిసిన ఇల్లు అనవసరంగా కంగారుపడదు, అవసరమైనప్పుడు ఆలస్యం చేయదు.

ఏటా మారే టీకా

ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు నిర్ణయిస్తుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ ఫ్లూ టీకా పొదిగే కోడిగుడ్లలోనే తయారవుతుంది.

ఒక ఆశ్చర్యం. బీ రకం ఫ్లూలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కచ్చితంగా కనబడలేదు. కోవిడ్ కోసం మనం కట్టుకున్న మాస్కులు, మానుకున్న ప్రయాణాలు దాన్ని తుడిచిపెట్టి ఉంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. దాంతో నాలుగు రకాల టీకా స్థానంలో మళ్లీ మూడు రకాల టీకా చాలని 2023 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

పెద్దగట్టు

సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో అంతటి జాతర ఇదే. లక్షల మంది గంపలెత్తుకుని “ఓ లింగా” అంటూ గుట్టెక్కుతారు. 2021లో కోవిడ్ రెండో అలకు కొద్దిరోజుల ముందే జరిగింది, 2025 ఫిబ్రవరిలోనూ జరిగింది. మన దేశంలో ఫ్లూ రెండుసార్లు పెరుగుతుంది, వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. జాతర పడేది ఆ రెండో కాలంలో. నీళ్లు, రోడ్లు, బందోబస్తుతో పాటు జాతర ఏర్పాట్లలో జ్వర శిబిరం, మాస్కులు, చేతులు కడుక్కునే కుళాయిలు మొదటి వరసలో ఉండాలి.

ఫ్లూ తర్వాత వచ్చే ముప్పు

1918లో చాలామందిని చంపింది ఫ్లూ మీద వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. అప్పుడు యాంటీబయాటిక్‌లు లేవు. ముప్పై ఏళ్ల తర్వాత, 1948లో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. ఆ పరిశోధన విభాగాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే తొలిది. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, న్యుమోనియా ముదిరితే ప్రాణం నిలిపేది అదే. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి తెలంగాణ పిల్లలకు ఉచితంగా అందుతోంది, ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలల వయసుల్లో. ఫ్లూ కాలానికి అది కూడా ఒక కవచం.

ఆకాశంలోంచి మందు

2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. కృష్ణ ఒడ్డు గ్రామాలకు వరదల్లో ఇది పనికొచ్చే ఉపాయం.

పథకంలో లేని టీకా

చివరిగా చెప్పవలసింది ఇదే. పుట్టిన బిడ్డకు సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో ఫ్లూ టీకా లేదు. కావలసినవాళ్లు డబ్బు పెట్టి వేయించుకోవాల్సిందే. కేంద్ర ఆరోగ్య శాఖ సిఫారసు చేసినవాళ్లలో వైద్య సిబ్బంది, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఉన్నారు. సిఫారసుకూ అందుబాటుకూ మధ్య ఉన్న ఖాళీలోనే మన జిల్లాల జనం ఉన్నారు. ఏటా టీకా వేసే అలవాటు ఉన్న ఊరికి మహమ్మారి టీకా వేయడం సులువు. సూది భయం పోయి ఉంటుంది, రిజిస్టరు తయారుగా ఉంటుంది, మంచుపెట్టెలో చోటు ఉంటుంది.

సూర్యాపేట, నల్లగొండ జిల్లాల అధికారులకూ, మూడు మున్సిపాలిటీలకూ ఒక విన్నపం. వచ్చే వానాకాలానికి ముందు మీ ఆశా, ఏఎన్ఎం, పారిశుధ్య కార్మికులకు ఉచితంగా ఫ్లూ టీకా వేయించండి. వీలైతే మార్కెట్ వాళ్లకు, మిల్లు కార్మికులకు కూడా. చదువుతున్న మీకు ఒక మాట. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, మన దగ్గర ఫ్లూ జూలై నుంచి పెరుగుతుంది. ఇంట్లో అరవై దాటినవాళ్లు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఉంటే మే నెలలోనే డాక్టరును అడగండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు కూడా వేయించవచ్చు. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి, కాబట్టి వాళ్ల కోసం ఏప్రిల్‌లోనే వెళ్లండి.